6 టాప్స్ చిప్పు ఉన్నా సెకనుకు 8 ఫ్రేములే ఎందుకు?

మిగతావారికి కూడా అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు భీమవరంలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నారు. ఉండి దగ్గర మీ మేనమామ గారి వనామీ చెరువుల్లో మేత చెక్ ట్రే పైకి లేపినప్పుడు, అందులో మిగిలిన మేతను, రొయ్యలను కెమెరాతో లెక్కించడం మీ ప్రాజెక్టు. 4 చెరువులకు కలిపి ఒకే బోర్డు. కెమెరాకు సెకనుకు 5 ఫ్రేముల చొప్పున మొత్తం 20 కావాలి. న్యూరల్ ప్రాసెసర్ (ఏఐ లెక్కల కోసమే చేసిన భాగం) ఉన్న బోర్డు కొన్నారు, దాని పెట్టె మీద 6 టాప్స్ అని రాసి ఉంది. తీరా నడిపి చూస్తే సెకనుకు 8 ఫ్రేములే వస్తున్నాయి. ఇంకా పెద్ద బోర్డు కొనమంటారా అన్నది మీ మొదటి ప్రశ్న. సాధారణ ప్రాసెసర్ కాలం అయిపోయిందని అంటున్నారు, మేము చదువుకున్న పైప్‌లైను (పనిని దశలుగా విడదీసి అన్ని దశలూ ఒకేసారి నడిపే పద్ధతి), క్యాష్ (ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) పాఠాలు ఇక దేనికి అన్నది రెండోది.

బోర్డు కొనకండి. పాఠాలు పారేయకండి. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ రెండు ప్రశ్నలూ నిజానికి ఒకటే.

ముందు చిన్న లెక్క. ఒక టాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు. 6 టాప్స్ అంటే 6 లక్షల కోట్లు. రొయ్యలను గుర్తించడానికి మీరు వాడుతున్న ఏఐ మోడల్ ఒక ఫ్రేముకు సుమారు 900 కోట్ల లెక్కలు చేస్తుంది. భాగించి చూస్తే ఒక్క ఫ్రేము ఒకటిన్నర మిల్లీసెకనులో పూర్తి కావాలి. మీకు సెకనుకు 8 ఫ్రేములు వస్తున్నాయంటే ఒక్కోదానికి 125 మిల్లీసెకన్లు పడుతోంది. మిగిలిన 123 మిల్లీసెకన్లు ఎక్కడికి పోతున్నాయి? గత ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ల నిర్మాణం మారుతున్న తీరంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

నేను 24 ఏళ్లు చిప్పుల పనితీరును కొలిచే ఉద్యోగం చేసి, ఇప్పుడు మండపేట దగ్గర మా ఊళ్లో ఉంటున్నాను. మాది మిల్లు ఉన్న ఇల్లు. తాతగారి రోజుల్లో మా మరలో ఉన్నది ఒకటే హల్లర్. పొట్టు ఒలిచేదీ అదే, బియ్యాన్ని తెల్లగా చేసేదీ అదే. ఏ రకం ధాన్యం పోసినా బియ్యం వచ్చేవి. కాకపోతే ఊక, తవుడు కలిసిపోయేవి, నూక ఎక్కువగా పడేది, కరెంటు బిల్లు బియ్యం బస్తాల లెక్కకు పొంతన లేకుండా వచ్చేది. ఇప్పుడు అదే షెడ్డులో రాళ్లు తీసే మిషను, పొట్టు ఒలిచే రబ్బరు రోలర్ల షెల్లర్, ఒలవని వడ్లను వెనక్కి పంపే సెపరేటర్, పాలిషర్లు, చివర రంగు మారిన గింజలను కెమెరాతో పట్టి గాలి ఊది తోసేసే సార్టెక్స్ ఉన్నాయి. ఒక్కో మిషనుకు ఒక్క పనే వచ్చు. ఆ ఒక్క పనిలో హల్లర్ వాటి దరిదాపులకు కూడా రాదు.

మీ బోర్డులోని చిప్పు కూడా అలాంటి షెడ్డే. అందులో ఏ పనైనా చేయగల సాధారణ ప్రాసెసర్ కోర్లు ఉన్నాయి, గ్రాఫిక్స్ ప్రాసెసర్ ఉంది, కుదించిన వీడియోను విప్పే భాగం ఉంది, చిత్రం పరిమాణం మార్చే భాగం ఉంది, న్యూరల్ ప్రాసెసర్ ఉంది. మరి ఇన్ని రకాలు ఎందుకు పెట్టాల్సి వచ్చింది? ఒకే కోరును వేగంగా పరుగెత్తించే దారి మూసుకుపోయింది కాబట్టి.

1974లో ఐబీఎంకు చెందిన రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు ఒక సంగతి చూపించారు. చిప్పులో కరెంటును తెరిచి మూసే స్విచ్చు అయిన ట్రాన్సిస్టర్‌ను చిన్నది చేసినప్పుడు వోల్టేజీని కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తే, అదే జాగాలో మరిన్ని ట్రాన్సిస్టర్లు పట్టినా, అవి మరింత వేగంగా పనిచేసినా, అక్కడ పుట్టే వేడి పెరగదు. ముప్ఫై ఏళ్లు పరిశ్రమ ఈ వరం మీదే నడిచింది. కానీ వోల్టేజీ తగ్గాలంటే ట్రాన్సిస్టర్ తెరుచుకునే హద్దును కూడా తగ్గించాలి. అది ఒక స్థాయి దాటితే, మూసి ఉంచిన ట్రాన్సిస్టర్‌లోంచి కూడా కరెంటు కారుతూనే ఉంటుంది, షట్టరు పూర్తిగా దిగని లాకు కింద నుంచి నీళ్లు పోయినట్టు. 2004 నాటికి ఆ హద్దు వచ్చేసింది. ఇంటెల్ పెంటియం 4 ప్రాసెసర్ గడియారం, అంటే అది పనిచేసే లయ వేగం, 3.8 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగింది. దాని తర్వాత రావలసిన తేజస్ ప్రాసెసర్‌ను ఇంటెల్ ఆ ఏడాదే రద్దు చేసుకుని, ఒకే చిప్పులో రెండు కోర్లు పెట్టే దారి పట్టింది. 1986 నుంచి 2003 వరకు ఒక ప్రాసెసర్ వేగం ఏటా సుమారు 52 శాతం పెరిగితే, 2015 తర్వాత ఆ పెరుగుదల 3.5 శాతం దగ్గరికి పడిపోయిందని కంప్యూటర్ నిర్మాణ నిపుణులు జాన్ హెన్నెసీ, డేవిడ్ ప్యాటర్సన్ లెక్కకట్టారు. ఈ ఇద్దరికీ కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు 2017 సంవత్సరానికి వచ్చింది.

ట్రాన్సిస్టర్ల సంఖ్య మాత్రం పెరుగుతూనే వచ్చింది. అంటే చేతిలో జాగా ఉంది, కానీ అంతటినీ ఒకేసారి వెలిగించే వీలు లేదు. మిల్లులో కొత్త మిషన్లు బిగించడానికి షెడ్డు ఖాళీగా ఉన్నా, మంజూరైన కరెంటు లోడు పెరగకపోతే ఏం చేస్తాం? అన్నింటినీ కలిపి నడపలేం. అప్పుడు ఏ పనికి తగిన మిషను ఆ పని వచ్చినప్పుడే నడిపి, మిగతావి ఆపి ఉంచడం తెలివైన పని. ఫోన్ల చిప్పులు ఈ దారిలో ముందు నడిచాయి. 2011లో ప్రాసెసర్ల నమూనాలు గీసే ఏఆర్‌ఎం కంపెనీ పెద్ద కోర్లను, చిన్న కోర్లను ఒకే చిప్పులో కలిపే పద్ధతిని ప్రకటించింది. 2020లో ఆపిల్ ఎం1లో 4 పెద్ద కోర్లు, 4 పొదుపు కోర్లు, గ్రాఫిక్స్, న్యూరల్ ఇంజన్ కలిసి ఒకే మెమరీని పంచుకున్నాయి. 2021లో ఇంటెల్ కూడా తన ప్రధాన ప్రాసెసర్లలో రెండు రకాల కోర్లు పెట్టింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సాధారణ ప్రాసెసర్‌లో కరెంటు ఎక్కడ ఖర్చవుతుందో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హొరోవిట్జ్ 2014లో 45 నానోమీటర్ల చిప్పుకు కట్టి చూపిన లెక్క ఉంది. ఒక జౌలును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం పికోజౌలు. 32 బిట్ల సంఖ్యలు రెండింటిని కూడడానికి 0.1 పికోజౌలు చాలు. కానీ ఆ కూడిక ఆదేశాన్ని తెచ్చుకుని, అర్థం చేసుకుని, సంఖ్యలను రిజిస్టర్ల (కోరు లోపలి చిన్న గూళ్ల) నుంచి తీసి, ఫలితాన్ని తిరిగి రాసేసరికి మొత్తం ఖర్చు సుమారు 70 పికోజౌళ్లు. అంటే అసలు పనికి ఒక రూపాయి, ఆ పని చేయించడానికి ఏడు వందల రూపాయలు. సంఖ్య బయటి మెమరీ నుంచి రావాల్సి వస్తే 1300 నుంచి 2600 పికోజౌళ్లు పడుతుంది. ఈ అంకెలను మొదటిసారి చూసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటికి పదేళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను, అయినా నా మనసులో ప్రాసెసర్ అంటే లెక్కలు చేసే యంత్రంగానే ఉండేది. ఆ రోజు నుంచి దాన్ని సంఖ్యలను అటూ ఇటూ మోసే యంత్రంగా చూడడం నేర్చుకున్నాను.

ప్రత్యేక చిప్పు చేసే మేలు ఇక్కడే ఉంది. అది కూడికను చవక చేయదు, ఎందుకంటే కూడిక ముందే చవక. ఆ ఏడు వందల రూపాయల్లో కోత పెడుతుంది. గూగుల్ 2015లో తన డేటా కేంద్రాల్లో వాడడం మొదలుపెట్టిన మొదటి టీపీయూనే (ఏఐ పనుల కోసం అది సొంతంగా చేసుకున్న చిప్పు) చూడండి. అందులో 256 వరుసలు, 256 నిలువు వరుసలుగా 65,536 గుణకార యూనిట్లు ఉన్నాయి, గడియారం 700 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఒకే ఆదేశంతో ఆ గళ్లన్నీ పనిచేస్తాయి, పైగా ఒక గడిలో పుట్టిన ఫలితం మెమరీకి తిరిగి పోకుండా పక్క గడిలోకి జారుతుంది. మన డెల్టాలో చాలా చోట్ల నీరు పెట్టే పద్ధతి ఇదే. బోదె నుంచి పై మడిలోకి వచ్చిన నీరు మళ్లీ బోదెలోకి పోదు, గట్టుకు పెట్టిన గండి గుండా కింది మడికి, అక్కడి నుంచి దాని కింది మడికి వెళ్తుంది. బోదె నుంచి ఒకసారి తీసుకున్న నీటితో పది మడులు తడుస్తాయి. హెచ్.టి. కుంగ్, చార్లెస్ లీసర్సన్ అనే పరిశోధకులు 1970ల చివర్లోనే ఈ అమరికను వివరించారు. గుండె రక్తాన్ని లయగా తోసినట్టు సంఖ్యలు కదులుతాయి కాబట్టి దానికి సిస్టాలిక్ అని పేరు పెట్టారు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత దానికి సరైన పని దొరికింది.

గూగుల్ ఇంజనీర్లు 2017లో ప్రచురించిన వివరాల ప్రకారం ఆ చిప్పు అప్పటి ప్రాసెసర్లు, గ్రాఫిక్స్ చిప్పుల కంటే 15 నుంచి 30 రెట్లు వేగంగా పనిచేసింది. ఈ అంకెను అందరూ చెబుతారు. అదే పత్రంలో నాకు ఇంతకంటే విలువైనదిగా కనిపించేది మరొకటి ఉంది. వారు పరీక్షించిన 6 అప్లికేషన్లలో 4 మెమరీ నుంచి సమాచారం అందే వేగం చాలక నెమ్మదించాయి. 92 టాప్స్ ఉన్న చిప్పు పని కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. దాళ్వాలో శివారు ఆయకట్టు రైతుకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఎన్ని హార్స్‌పవర్ల మోటారు బిగించినా, వంతు రోజున కాలువలో నీరు రాకపోతే మోటారు ఏం తోడుతుంది? టాప్స్ అన్నది మోటారు శక్తి. కాలువ వెడల్పు ఎంతో పెట్టె మీద రాయరు. పెద్ద ఏఐ చిప్పుల పక్కనే మెమరీ పొరలను ఒకదాని మీద ఒకటి పేర్చి అతికించడం మీరు వార్తల్లో చదివే ఉంటారు. ఆ ఖర్చంతా కాలువను వెడల్పు చేయడానికే.

నా అనుభవం ఒకటి చెబుతాను. నేను పనిచేసిన ఒక చోట చిత్రాలను కుదించడానికి ప్రత్యేక యూనిట్ తయారుచేశాం. ఆ పనిని అది సాధారణ కోరు కంటే 20 రెట్లు వేగంగా చేసింది. వినియోగదారుడి దగ్గర బిగించి కొలిస్తే మొత్తం పని ఒకటిన్నర రెట్లు కూడా వేగం పెరగలేదు. చిత్రాన్ని ప్రాసెసర్ మెమరీ నుంచి యూనిట్ మెమరీకి నకలు చేయడానికి, ఫలితాన్ని తిరిగి తేవడానికి పట్టే సమయం అంతకుముందు లేని కొత్త ఖర్చు. ఏడాదిన్నర పాటు యూనిట్ లోపలి ప్రతి చక్రాన్ని లెక్కపెట్టిన మేము, దాని గుమ్మం దగ్గర పట్టే సమయాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ బాధ్యతలో నాకూ భాగం ఉంది. ఆ తర్వాత ఏ యూనిట్ గురించి విన్నా నా మొదటి ప్రశ్న ఒకటే: సమాచారం ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది? మా నాన్నగారు కూడా మిల్లులో కొత్త మిషను కొనేముందు ఎలివేటర్ బకెట్లు గంటకు ఎంత ధాన్యం ఎత్తగలవో చూసేవారు.

ఇక మీ 125 మిల్లీసెకన్లు. మీరు కొలిచి పంపిన వివరం చాలా బాగుంది, చాలామంది ఈ కొలత తీయకుండానే అడుగుతారు. కెమెరా వీడియోను విప్పి చిత్రం పరిమాణం మార్చడానికి 48 మిల్లీసెకన్లు, మెమరీలో నకళ్లకు 17, న్యూరల్ ప్రాసెసర్‌లో 14, అది చేయలేక సాధారణ కోరుకు తిప్పికొట్టిన పొరలకు 31, చివర చిత్రంలో రొయ్యల చుట్టూ గళ్లు గీసి లెక్క తేల్చడానికి 15. మీరు కొనాలనుకుంటున్న పెద్ద బోర్డు ఈ అయిదింటిలో ఆ 14నే ముట్టుకుంటుంది. దాన్ని సున్నా చేసినా 111 మిగులుతుంది, అంటే సెకనుకు 9 ఫ్రేములు. జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పిన సూత్రం ఇదే, మీ సిలబస్‌లోనూ ఉంటుంది.

48తో మొదలుపెట్టండి. మీ చిప్పులో వీడియోను విప్పే ప్రత్యేక భాగం, పరిమాణం మార్చే భాగం ఇప్పుడు ఖాళీగా కూర్చున్నాయి. మీ పైథాన్ ప్రోగ్రాము ఆ పనిని సాధారణ కోరుతో చేయిస్తోంది. బోర్డు తయారీదారు ఇచ్చిన లైబ్రరీతో పనిని వాటికి అప్పగించండి. తర్వాత 17. విప్పిన చిత్రం ఉన్న మెమరీ చిరునామానే న్యూరల్ ప్రాసెసర్‌కు ఇవ్వండి, నకలు తీయకండి. అన్ని భాగాలూ ఒకే మెమరీని చూడగలిగే చిప్పులో నకలు తీయడం అనవసరపు మోత. ఆ తర్వాత 31. ఇది కాస్త శ్రమ. మీ మోడల్‌లో న్యూరల్ ప్రాసెసర్‌కు చేతకాని యాక్టివేషన్ ఫంక్షన్ (పొర ఫలితాన్ని మార్చే చిన్న సూత్రం) ఉంది. ఆ పొర వచ్చిన ప్రతిసారీ పని కోరుకు వెళ్లి మళ్లీ వస్తోంది. దాని బదులు ఆ చిప్పుకు తెలిసిన ఫంక్షన్ పెట్టి మోడల్‌కు మళ్లీ శిక్షణ ఇవ్వండి. మోడల్‌లోని సంఖ్యలను 8 బిట్లకు కుదించేటప్పుడు మసక నీటిలో తీసిన మీ సొంత చిత్రాలను వాడండి, లేకపోతే రొయ్యల లెక్క తప్పుతుంది.

ఇవన్నీ చేశాక మీ రెండో ప్రశ్నకు జవాబు మీ చేతులతోనే రాస్తారు. ఒక ఫ్రేము న్యూరల్ ప్రాసెసర్‌లో ఉండగా, తర్వాతి ఫ్రేమును విప్పే భాగంలోకి పంపండి, ముందరి ఫ్రేము లెక్కను కోరు తేలుస్తూ ఉంటుంది. ఇది మీరు పనికిరాదనుకున్న పైప్‌లైను పాఠమే. అప్పుడు వేగాన్ని అన్ని దశల మొత్తం నిర్ణయించదు, అన్నింటిలోకి నెమ్మదైన దశ నిర్ణయిస్తుంది. ఆ దశ 25 మిల్లీసెకన్లకు దిగినా సెకనుకు 40 ఫ్రేములు, మీకు కావలసినదానికి రెట్టింపు. ఈ దశలన్నింటికీ పని అందించేది, ఏ భాగానికీ చేతకాని పనిని నెత్తిన వేసుకునేది సాధారణ ప్రాసెసరే. దాని కాలం ఎక్కడా అయిపోలేదు.

ప్రత్యేక యంత్రానికి ఉన్న చేటు కూడా చెప్పాలి. అది నిన్నటి పనిని చూసి తయారైంది. కోతల ముందు తుపాను వచ్చి చేను తడిస్తే టైర్ల కోత మిషను దిగబడుతుంది, ఎక్కువ అద్దె ఇచ్చి చైన్ మిషను తేవాలి. చేను నేలకు అంటుకుని నీళ్లలో ఉంటే అదీ పనికిరాదు, కొడవలి పట్టిన మనుషులే దిక్కు. చిప్పుల్లోనూ ఇదే జరుగుతుంది. కొత్త వీడియో పద్ధతి వచ్చినప్పుడు పాత ఫోనులోని విప్పే భాగానికి అది తెలియదు, భారమంతా కోర్ల మీద పడి ఫోను వేడెక్కుతుంది, బ్యాటరీ గంటల్లో అయిపోతుంది. టీపీయూ వివరాలు బయటికి వచ్చిన 2017లోనే ఇప్పటి భాషా మోడళ్లకు ఆధారమైన ట్రాన్స్‌ఫార్మర్ అనే ఏఐ నిర్మాణం కూడా ప్రచురితమైంది, కొద్ది ఏళ్లలోనే పని స్వభావం మారిపోయింది. అంతకుముందు చిత్రాల మోడళ్లను దృష్టిలో పెట్టుకుని గీసిన చిప్పులు ఎన్నో దాని ముందు తడబడ్డాయి. మీరు ఎప్పుడైనా ఇలాంటి యూనిట్ గీస్తే ఒక మూల కొంత వశ్యత వదలండి. గ్రాఫిక్స్ చిప్పులు ఇంత దూరం రావడానికి 2007లో వచ్చిన ఎన్విడియా వారి ‘CUDA’ అనే ప్రోగ్రాము వ్యవస్థ పెద్ద కారణమని నా నమ్మకం. ఆటల కోసం పుట్టిన యంత్రాన్ని వేరే పనులకు వాడుకునే తలుపును అది తెరిచింది.

ముందు ఏం చదవాలని అడిగారు కదా. 2010లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పుట్టిన రిస్క్ 5 (RISC-V) అనే, ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాల సమితితో మొదలుపెట్టండి. దానికి మీ సొంత ఆదేశాన్ని చేర్చుకునే వీలు ఉంది, అనుమతి అడగక్కర్లేదు. ఐఐటీ మద్రాసు వారి శక్తి, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వారి ‘వేగ’ ప్రాసెసర్లు దాని మీదే తయారయ్యాయి. దానికంటే ముందు మీ ల్యాప్‌టాప్‌లో రెండు పెద్ద మాత్రికలను గుణించే ప్రోగ్రామును పైథాన్‌లోనూ, సీ భాషలోనూ రాసి, సీలో లూపుల వరుస మార్చి, మాత్రికలను ముక్కలుగా విడగొట్టి కొలవండి. 4096 వరుసల మాత్రికలతో ఈ ప్రయోగం చేసిన ఎంఐటీ పరిశోధకులకు 18 కోర్ల యంత్రం మీద పైథాన్‌లో సుమారు 7 గంటలు పట్టిన పని, అదే యంత్రం మీద చివరకు 0.41 సెకనులో పూర్తయింది. క్యాష్ పాఠం దేనికో అక్కడ మీకే తెలుస్తుంది.

చివరగా ఒక మాట. మీ కొలతలన్నీ హాస్టల్ గదిలో ఫ్యాను కింద తీసినవి. మే నెల మధ్యాహ్నం చెరువు గట్టు మీద, తేమ పోకుండా మూసిన పెట్టెలో ఆ బోర్డు ఉంటుంది. చిప్పు వేడెక్కితే తన గడియారాన్ని తానే తగ్గించుకుంటుంది. పెట్టెకు అల్యూమినియం వీపు పెట్టి, చిప్పును దానికి ఆనించి, ఏరియేటర్ మోటార్ల స్టార్టర్ బాక్సుకు దూరంగా నీడలో బిగించండి. రెండు గంటలు ఆపకుండా నడిపాక వచ్చే ఫ్రేముల సంఖ్యను, చిప్పు ఉష్ణోగ్రతను కలిపి ఇక్కడే రాయండి. ఆ అంకెలు చూసి మిగతాది మాట్లాడుకుందాం.